గోడ మీద అత్తకు చోటు

పోయిన నెలలో ఒక ఉదయం అమ్మ ఫోనుకి హిందీలో మెసేజ్ వచ్చింది. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తులేక నన్ను చదవమంది. రైల్వే గ్రౌండ్ పెవిలియన్‌కి కొత్తగా రంగులు వేస్తున్నారట. లోపలి గోడ మీద ఈ ఊరి పాత బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు గీయిస్తారట. ఎవరెవరివి గీయించాలో పాతవాళ్లంతా ఆదివారం కూర్చుని తేల్చుకోవాలట. అమ్మ బొమ్మ గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మా అత్త గురించే. "అప్పట్లో మీరు కెప్టెన్, పైగా ఆవిడ మీ ఇంటి మనిషి, మీ మాట కావాలి" అని చివర రాశారు. అమ్మ విని "అచ్ఛా" అంది. అప్పుడే తుడిచిన గ్యాస్ పొయ్యిని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

ఆదివారం వచ్చేదాకా నదికి ఇవతల సర్కండాలో మా ఇంట్లో ఎవరం కుదురుగా కూర్చోలేదు. అమ్మ మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టేది. నేను బడి పిల్లల జవాబు పత్రాలు ముందేసుకుని, దిద్దిన కాగితాన్నే మళ్లీ దిద్దేదాన్ని. నాన్న మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని, మా ఇద్దరి మొహాలూ చూడకుండా జాగ్రత్తపడ్డాడు. లింగియాడీహ్ పేటలో ఉన్న అత్తకి ఈ సంగతి తెలుసో లేదో మాకు తెలియదు. ఫోన్ చేద్దామని తీస్తాను, ఏమని అడగాలో తోచక పెట్టేస్తాను. నీ బొమ్మ వెయ్యాలా వద్దా అని జనం మాట్లాడుకోబోతున్నారని ఎవరైనా ఎవరికైనా ఎలా చెప్తారు?

అత్త అంటే నాన్న చెల్లెలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడ రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో చేరాడు. ఆయన ఎత్తూ, ఆయన భుజాలూ నాన్నకి రాలేదు, అత్తకి వచ్చాయి. అత్తకి జాకెట్ కుట్టే దర్జీ కొలత తీసుకుని, నమ్మకం లేక ఇంకోసారి తీసుకునేవాడని నానమ్మ చెప్పి బాధపడేది. ఆడపిల్లలు ఆడేదాన్ని సాఫ్ట్‌బాల్ అనాలట గాని, మా రైల్వే కాలనీలో అందరికీ అది బేస్‌బాలే. అత్త బ్యాటు పట్టుకుందంటే గ్రౌండ్ పక్క వరుస క్వార్టర్లలోవాళ్లు పెరట్లో ఆరబెట్టిన అప్పడాలు లోపలికి తీసుకుపోయేవారు. బంతి తగిలితే వచ్చే చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఎండిన కర్ర ఒక్క దెబ్బకి విరిగినట్టుండేది. ఆ తర్వాత అందరి తలలూ పైకి లేచేవి. ఆపైన ఎక్కడో ఎవరి ఇంటి రేకుల మీదో దడేలుమనేది. మర్నాడు నానమ్మ ఆ ఇంటికి గిన్నెడు పులిహోర పట్టుకెళ్లేది. కాలనీలో నానమ్మ పులిహోర రుచి తెలియని ఇల్లు లేదంటే అది అత్త చలవే.

అయితే ఉన్నమాట చెప్పాలి. తగిలిన రోజుల కంటే తగలని రోజులే ఎక్కువ. తగలనప్పుడు అత్త బ్యాటుతోపాటు తానూ గిర్రున తిరిగి ఒక్కోసారి మట్టిలో కూలబడేది. జనం నవ్వేవారు, అత్త కూడా నవ్వేది. అమ్మ ఆట దీనికి పూర్తిగా వేరు. చిన్న మనిషి. బంతికి బ్యాటు ఊరికే అడ్డం పెట్టి కాళ్ల దగ్గర పడేసి, అవతలివాళ్లు వంగి తీసుకునేలోగా మొదటి బేస్ దగ్గర ఉండేది. ఒకే జట్టని అత్తే అమ్మని తొలిసారి మా ఇంటికి తీసుకొచ్చింది. మంచినీళ్లు తెచ్చిచ్చిన నాన్న ఆ తర్వాత చాలా రోజులు మంచినీళ్లు తెచ్చిస్తూనే ఉన్నాడట. పెళ్లయ్యాక, నేను పుట్టాక కూడా అమ్మ ఆడింది. ఆ రోజుల్లో అది చిన్న సంగతేమీ కాదు. వదినా ఆడపడుచులు సాయంత్రం ఒకే సైకిల్ మీద గ్రౌండ్ నుంచి వచ్చి, వంటింట్లో ఒకరు కూర తరుగుతూ ఒకరు పిండి కలుపుతూ, కొట్టడం గొప్పా పరుగెత్తడం గొప్పా అని వాదించుకునేవారు. నాన్నని తీర్పు చెప్పమనేవారు. నాన్న తెలివైనవాడు, కూరలో ఉప్పు సరిపోయిందనేవాడు.

ఇప్పటి పేచీకి కారణమైన ఆ ఫైనల్ నాడు నేను నానమ్మ ఒళ్లో కూర్చుని ఉన్నాను. రెండో తరగతి. నాకు గుర్తున్నది కొంతే, తర్వాత విన్నది ఎక్కువ. చివరి ఇన్నింగ్స్, మనవాళ్లు ఒక్క పరుగు వెనక ఉన్నారు. ఒకరు ఔటయ్యారు, ముగ్గురు ఔటైతే ఆట ముగిసినట్టే. అమ్మ మూడో బేస్ మీద ఉంది, బ్యాటు అత్త చేతిలో ఉంది. కోచ్ సార్ టోపీ అంచు ముట్టుకున్నారు. బంతిని కాళ్ల దగ్గర పడెయ్యమని దాని అర్థం. ఆ సైగ నమ్మి అమ్మ, బంతి అవతలి పిల్ల చేయి దాటగానే, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్ వైపు దూసుకుపోయింది. అత్త మాత్రం బ్యాటు వెనక్కి తీసి, ఒళ్లంతా తిప్పి బలంగా ఊపింది. బంతి అంచుకి తగిలి పైకి లేచి, మూడో బేస్ దగ్గరున్న పిల్ల చేతిలో పడింది. బంతిని గాల్లో పట్టేస్తే పరుగెత్తినవాళ్లు వెనక్కొచ్చి తమ బేస్ ముట్టుకోవాలి, ఆ పిల్ల అంతకంటే ముందే వెనక్కి ఒక్క అడుగేసి బేస్ తొక్కింది. అత్త ఔట్, అమ్మ కూడా ఔట్, ఆట అయిపోయింది. అమ్మ సగం దారిలో నిలబడి అత్త వైపు చూస్తూ ఉండిపోవడం నాకు గుర్తుంది. జట్టంతా ఏడ్చింది. ఎందుకలా చేశావని అడిగినవాళ్లందరికీ అత్త ఒకటే చెప్పింది, బంతి బాగా వొచ్చింది, కొట్టీసాను అని. అదే అమ్మ ఆఖరి మ్యాచ్. ఆ ఏడే తమ్ముడు పుట్టాడు. అత్త ఇంకొన్నేళ్లు ఆడింది, ఆ ఆట మీదే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. వంటింట్లో వాదనలు మాత్రం ఆ సాయంత్రంతో ఆగిపోయాయి. ఇద్దరూ పోట్లాడుకోలేదు. పండగలకీ పబ్బాలకీ అన్నీ మామూలే. బేస్‌బాల్ ఒక్కటే ఇంట్లో ఎవరూ ఎత్తని మాటయింది.

ఆదివారం తమ్ముడు కారులో మమ్మల్ని అర్పా నది దాటించి గ్రౌండ్ దగ్గర దింపాడు. వాడు ఊరి చివర కోనీలో పనిచేస్తాడు, ఇంట్లో కూడా సగం హిందీలోనే మాట్లాడతాడు, ఈ ఆటల గొడవ వాడికి పట్టదు. పెవిలియన్‌లో తడి రంగు వాసన, ప్లాస్టిక్ కుర్చీలు, తలలు నెరిసిన పాత జట్టు. కోచ్ సార్‌కి ఇప్పుడు సరిగా వినపడదు, అందుకని ప్రతివాళ్లూ ఆయన చెవి దగ్గరికి వెళ్లి మరీ వాదించారు. అప్పట్లో బంతి వేసే ఆవిడే అందరికంటే గట్టిగా అడ్డుపడింది. ఈ గోడ జట్టు కోసం ఆడినవాళ్లదని, రేపు పిల్లలు ఆ బొమ్మ చూసి ఏం నేర్చుకుంటారని ఆవిడ వాదన. ఇంకొకావిడ, స్కోర్లు ఎవరికీ గుర్తులేవు, ఆ చప్పుడు ఊరందరికీ గుర్తుంది అంది. ఇలా ఉండగా అత్త వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు, నేరుగా డ్యూటీ నుంచి వచ్చినట్టుంది. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచి వెనక కుర్చీలో కూర్చుంది. నాకు లేచి బయటికి వెళ్లిపోదామనిపించింది.

అమ్మ లేచింది. హిందీలో మొదలుపెట్టి, తెలియకుండానే మధ్యలో తెలుగులోకి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు.

"ఆ రోజు సగం దార్లో నిలబడిపోయినదాన్ని నేను. సైగ కాదని కొట్టడం తప్పే. ఇప్పుడడిగినా తప్పే అంటాను. గాని మా అత్తగారు కోడల్నైన నన్ను గ్రౌండ్‌కి ఎందుకు పంపించారనుకున్నారు? ఈ పిల్ల కొడితే చూడ్డానికి కాలనీ అంతా వొచ్చీది. అంతమంది మెచ్చుకునే పని సిగ్గుమాలిన పని కాదని అప్పుడు తెలిసింది ఆవిడకి. నేను కాళ్ల దగ్గర పడేసే బంతి చూడ్డానికి ఎవరొచ్చేవారు? మా ఆయన కూడా రాలేదు. వెయ్యండి బొమ్మ. గెలిపించిందని మాత్రం రాయకండి."

చేతులెత్తమన్నారు. బంతి వేసే ఆవిడ చెయ్యి కిందే ఉండిపోయింది, మిగతావి లేచాయి. అత్త ఎవరికీ నమస్కారం పెట్టలేదు.

బయట టీ బండి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. అత్త గ్లాసులో టీ ఊదుకుంది. అమ్మ వైపు చూడకుండా అంది.

"ఆ పొద్దు నువ్వు టీ వాసన పడక బయటికెళ్లి కక్కుకున్నావు వొదినా. నాకర్థమైపోయింది."

అమ్మ గ్లాసు దింపింది. "ఏటి అర్థమైంది?"

"కడుపుతో ఉన్నావని. అన్నయ్యకి కూడా చెప్పకుండా వొచ్చావని. అవతల హోమ్ దగ్గర బంతి పట్టడానికి కూచున్న పిల్ల నా అంత ఉండీది. నువ్వు జారుకుంటూ వొచ్చి దాని మీద పడితే ఏటవుతాదని భయమేసింది. గట్టిగా కొడితే నువ్వు నడుచుకుంటూ వొచ్చీవచ్చు అనుకున్నాను."

నేను అమ్మ మొహమే చూశాను. ఆఖరి మ్యాచ్ అని ఆవిడ ఎంత ఆశపడి వెళ్లిందో, ఎవరికీ చెప్పకుండా ఎంత దాచుకుందో, అవన్నీ ఆ మొహంలో ఒకటి తర్వాత ఒకటి కదిలాయి.

"మరి కొట్టాల్సింది కదే" అంది చివరికి.

"తగల్లేదు వొదినా."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలికెళ్లి ఈ సంగతి అందరికీ చెప్పి వస్తానని నేను కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అది తెలిస్తే జాలిపడి వేసినట్టవుతుందట. కొట్టేది కాబట్టి వేస్తున్నారు, అలాగే ఉండనీ అంది. ఆవిడ చెప్పింది సబబే అని నాకు తెలుసు. అయినా ఈ నెల రోజులుగా, ఆ చెయ్యెత్తని ఆవిడకైనా చెప్పాలని మనసు పీకుతూనే ఉంది.

అప్పటికి తమ్ముడు కారు తిప్పుకుని గేటు దగ్గర ఆపాడు. ఎండలో నిలబెట్టేశామని విసుగ్గా హారన్ కొట్టి, "చలో మమ్మీ, ఇంకా ఏటి?" అని అరిచాడు. అత్త, అమ్మ ఒకేసారి వాడి వైపు తిరిగారు. చాలాసేపు ఇద్దరూ వాణ్ణే చూస్తూ నిలబడ్డారు. ఆ ఫైనల్‌కి అమ్మ కడుపులో తానూ వెళ్లాడని వాడికి తెలియదు. పోయిందనుకున్న రోజు నిజంగా ఎటు పోయిందో కాలం చెప్పక మానదు గాని, అది చెప్పేసరికి మనకి జుట్టు నెరిసిపోయి ఉంటుంది.