నాన్న సెక్షన్, నా ట్యాబులు

మా నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒక బండి రెండు స్టేషన్ల మధ్యనున్న సెక్షన్ దాటేదాకా వెనక బండికి లైన్ క్లియర్ ఇవ్వకూడదన్నది ఆయన ఉద్యోగమంతా పాటించిన నియమం. దాన్ని తీసుకొచ్చి ఇంటర్నెట్‌కీ అంటగట్టారు. ఒక వెబ్‌సైటు చూడాలంటే ముందు తెరిచినదాన్ని మూసెయ్యాల్సిందే. నేను స్నానానికి వెళ్ళొచ్చేలోగా కంప్యూటర్లో నేను తెరిచి ఉంచిన ట్యాబులన్నీ మూసేసి తీరిగ్గా టీ తాగుతూ కనబడేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏటమ్మా, ఒకేపాలి ఇన్ని తెరిచీసేవు? సెక్షన్ ఖాళీ అవకుండా రెండో బండిని వదిలెస్తారేటి?"

"ఇవి బళ్ళు కావు నాన్నా" అంటే వినేవారు కాదు.

అంతలో రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సిన గడువు దగ్గరపడింది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చిన కుటుంబం మాది, నేను పుట్టి పెరిగింది ఆ క్వార్టర్లోనే. అద్దె ఇల్లు వెతుక్కోవడం మాకెవరికీ అలవాటు లేని పని. అమ్మ కోరింది మాత్రం ఒక్కటే, ఊళ్ళోనే చెరువు పక్కనున్న తెలీబంధాలో ఉండాలని. మాలాగే రైల్వే క్వార్టర్లు వదిలిన ఆమె తెలుగు స్నేహితురాళ్ళు అప్పటికే ఆ చెరువు దగ్గర ఇళ్ళు తీసుకున్నారు. సాయంత్రాలు కలిసి నడిచేవారు. అమ్మకి హిందీ బాగానే వచ్చు గానీ, మనసులో మాట హిందీలో చెప్పుకోవడం ఆమె వల్ల కాదు.

వెతుకులాట నాన్న పద్ధతిలోనే మొదలైంది. ఒక ఇల్లు తెరవడం, పెదవి విరవడం, మూసెయ్యడం, ఇంకోటి తెరవడం. మూడోది చూసేసరికి మొదటిది ఎలా ఉందో గుర్తుండేది కాదు. తెలీబంధాలో ఒక ఇల్లు అందరికీ నచ్చింది, అద్దె చూసి దాన్నీ మూసేశారు. చివరికి అభన్‌పూర్‌లో ఒకటి తేలింది. ధమ్‌తరీ రోడ్డు మీద, రాయ్‌పూర్‌కి బాగా దూరం. "ఇదే పక్కా చేసీద్దాం, రేపెల్లి అడ్వాన్స్ ఇచ్చెస్తాను" అన్నారు నాన్న.

అమ్మ లేచి వెళ్ళిపోయింది. వంటింట్లో బీరకాయలు తరుగుతూ నాతో మాత్రం "అక్కడ నాతోటి మాటాడీవోళ్ళు ఎవులుంటారే?" అంది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే పౌరుషమూ వచ్చింది.

మర్నాడు నాన్న పూజలో ఉండగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇళ్ళ ప్రకటనలు వేసే సైట్లన్నీ తెరిచాను. అభన్‌పూర్, మందిర్ హసౌద్, తెలీబంధా, ఏ చోటి ప్రకటననీ మూయలేదు. ట్యాబులు ఇరుక్కుపోయి వాటి పేర్లు కూడా కనబడటం మానేశాయి. అటూ ఇటూ తిరుగుతుంటే ఒక ఆకుపచ్చ గేటు దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ గేటుని ఇందాకే ఇంకో సైట్లో చూశాను. వెనక్కి వెళ్ళి చూస్తే అదే గేటు, పక్కన అంచు విరిగిన అదే తులసి కోట. అద్దె ఎక్కువని నాన్న మూసేసిన ఇల్లే అది. అప్పుడు చూసిన ప్రకటన బ్రోకరుది. రెండోది ఇంటాయన స్వయంగా పెట్టుకున్నది, అద్దె మాకు అందేంతలో ఉంది. ఒకటి మూసి ఇంకోటి తెరిచే పద్ధతిలో అయితే ఈ జన్మలో పట్టుకునేదాన్ని కాదు.

వెంటనే ఫోన్ చేశాను. "ఘర్ ఖాళీ హై బేటీ, ఆకే దేఖ్ లో" అన్నాడు ఇంటాయన, ఇల్లు ఖాళీగానే ఉంది, వచ్చి చూసుకోమని.

పూజ ముగించుకుని వచ్చిన నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు ట్యాబులూ మార్చి మార్చి చూపించాను. ఆ కాసేపు నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇది సెక్షన్ కాదమ్మా, యార్డు. యార్డులో ఎన్ని బళ్ళయినా నిలబెట్టొచ్చును" అన్నారు.

ఓడిపోయానని మాత్రం అనలేదు. అయితేనేం, అభన్‌పూర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమే అమ్మని తీసుకెళ్ళి ఇల్లు ఖాయం చేసుకున్నాం.

సామాన్లు దింపిన సాయంత్రం కొత్త ఇంట్లో కంప్యూటర్ పెట్టాను. బ్రౌజరు పాత ట్యాబులన్నీ మళ్ళీ తెరిచింది. బయట ఆకుపచ్చ గేటు చప్పుడైంది. స్నేహితురాళ్ళు అమ్మని నడకకి పిలవడానికి వచ్చారు. నలుగురూ ఒకేసారి తెలుగులో మాట్లాడుతున్నారు, అందరికంటే అమ్మ గొంతే పెద్దగా వినిపిస్తోంది. నాన్న కిటికీలోంచి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మిగతావన్నీ ఉంచు, ఏదో పనికొస్తాయి. ఆ ఆకుపచ్చ గేటుది మాత్రం మూసీ. ఆ బండి చేరిపోనాది" అన్నారు.