దారిలో స్టూలు

ఆ దర్జీ ఇంట్లో ఏ వస్తువూ ఉన్న చోటి నుంచి అంగుళం కదలదు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులతో మిషను తొక్కుతూనే, బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు కుర్చీ జరుపుతున్నారేమోనని ఓ కన్నేసి ఉంచుతుంది. జరిపితే సూదులు తీసి మరీ కసురుతుంది. కూతురికి పుట్టుకతోనే మసకచూపు. పొద్దువాలితే అదీ ఉండదు. చూపుకి అవసరమైన ఒక జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడిపోయే వచ్చింది. "ఇద్దరం కలిసే ఇచ్చాం, ఇంక ఎవర్నని ఏం లాభం?" అని ఆమె ఆ మాట అంతటితో తెంపేసింది. కంట్లోకి వైరస్ ఎక్కిస్తామని డాక్టరమ్మ అన్నప్పుడు మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"జబ్బు చేసే భాగం తీసేశామమ్మా. దాని బదులు పాపకి లేని మంచి జన్యువు పెట్టాం. అది లేకే కంట్లో కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. కణాల్లోకి దూరడం వైరస్‌కి వెన్నతో పెట్టిన విద్య. జన్యువుని లోపల దించేస్తే, చూపుకి కావలసింది కణమే తయారుచేసుకుంటుంది."

"మరి ఇప్పటికే చచ్చిపోయినవాటి సంగతో?"

"వాటిని బతికించలేం. అందుకే త్వరపడమంటున్నా."

ఆమె మళ్లీ కూర్చుంది. "ఎప్పుడు రమ్మంటారు?"

రెండు కళ్లలోనూ మందు ఎక్కించి నెల దాటాక, ఓ సాయంత్రం ఆమె లైటు వెయ్యలేదు. మూలనున్న స్టూలు తెచ్చి వంటింటి గుమ్మం ముందు అడ్డంగా పెట్టి, మిషను దగ్గర కూర్చుంది, తొక్కలేదు. కూతురు గబగబా వచ్చి, ఆగింది.

"అమ్మా, దీన్ని దారిలో పెట్టావేంటి? ఎవరైనా తట్టుకుని పడరూ!"