అత్తయ్య పళ్ళ వెనక తీగ

మా అత్తయ్య నోట్లో ఎప్పుడూ గుండుసూదులే ఉండేవి. మామయ్యా ఆమే కలిసి నడిపిన కుట్టు షాపులో రెండు మిషన్లు పక్కపక్కన ఉండేవి. కుడివైపుది ఆమెది, ఎడమవైపుది ఆయనది. బడి వదలగానే నేను అక్కడ వాలిపోయేదాన్ని, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఏమడిగినా అత్తయ్య పెదాల మధ్య సూదులు బిగించుకుని "ఊఁ", "ఊఁహూఁ" అని మాత్రమే జవాబిచ్చేది. కొత్తవాళ్ళు ఆమెకు పొగరనుకునేవారు. పాతవాళ్ళు పనిమీద ధ్యాస అనుకునేవారు. రెండూ కాదు. ఆమెకు పళ్ళు కనబడటం ఇష్టం లేదు, అంతే.

ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉండేవి. చిన్నప్పుడు బడిలో ఫొటో తీయడానికొచ్చిన మహానుభావుడెవరో "ఆ చివరమ్మాయి నోరు మూసుకోవాలి" అన్నాడట. ఆ రోజు మూసిన నోరు పెళ్ళి ఫొటోలో కూడా తెరుచుకోలేదు. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. మరీ ఆగకపోతే బట్టల తానుల వెనక్కి వెళ్ళి, అక్కడ నవ్వుకుని వచ్చేది. ఆ నవ్వు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు.

నా పళ్ళూ ఏమంత బుద్ధిమంతులు కావు. నాకు క్లిప్పులు వేయించాలని అమ్మ నిర్ణయించింది కానీ, ఆమెకు సెలవు దొరకదు. అత్తయ్యే నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నా నోరు చూడటం అయ్యాక అత్తయ్య వైపు తిరిగి, "మీకు కూడా వేయొచ్చమ్మా" అన్నాడు.

"నాకా? నలభై దాటాకా? బాగుందండీ మీ వేళాకోళం."

"వేళాకోళం కాదమ్మా. చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి. కాస్త ఆలస్యంగా కదులుతాయి, అంతే."

షాపుకు రాగానే ఆ మాటను పెద్ద జోకులా మామయ్యకు చెప్పింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. మామయ్య మాట్లాడాలన్నా కొలత తీసుకునే మనిషి. మిషను ఆపి, ఆమె చెయ్యి వంక చూసి, "వేయించుకో" అన్నాడు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

అలా మేమిద్దరం జతగాళ్ళమయ్యాం. క్లిప్పులు బిగించిన రోజున ఇద్దరం మెత్తగా ఉన్నదేదో మింగి, దవడలు పట్టుకుని మూలిగేవాళ్ళం. "నీకంటే నాకే ఎక్కువ నొప్పి, నావి ముదురు పళ్ళు" అనేది. డాక్టరు గది బయట బల్లమీద ఆనుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ ఇష్టం. ఆమె చీర నుంచి మిషను నూనె, సుద్దముక్క, కొత్తబట్ట వాసన వచ్చేది. మా అమ్మ దగ్గర కూడా అంత నిశ్చింతగా కూర్చున్న గుర్తు లేదు నాకు.

క్లిప్పులు తీసేసే రోజు వచ్చింది. పళ్ళు చక్కగా వరసలో నిలబడ్డాయి. మేం సంబరపడేలోపే డాక్టరు అసలు సంగతి చెప్పాడు.

"పళ్ళకు పాత చోటు మీద మమకారం చావదు. వదిలేస్తే వెనక్కి పోతాయి. వాటిని పట్టి ఉంచడానికి రిటైనర్ కావాలి. రెండు రకాలున్నాయి." బల్లమీద నోటి బొమ్మలు రెండు పెట్టాడు. "ఇది పళ్ళ వెనక అతికించే సన్నటి తీగ. బయటికి కనబడదు, మరిచిపోయే బాధ లేదు. కానీ దాని సందుల్లో శుభ్రం చేసుకోవడానికి ఓపిక ఉండాలి. గట్టివి కొరికితే అతుకు ఊడుతుంది. ఇది తీసి పెట్టుకునే ప్లేటు. తినేటప్పుడు తీసేయొచ్చు, కడుక్కోవచ్చు. పెట్టుకోవడం మరిచిపోతే మాత్రం నా పూచీ లేదు."

నేను ప్లేటన్నాను. అత్తయ్య తీగంది. "కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకాన్నండీ నేను. నా నోట్లోంచి ఊడొచ్చేది ఏదీ నాకొద్దు."

ఆ సాయంత్రం మామయ్య ఆమె నోటిలోకి తీరిగ్గా చూశాడు. తర్వాత చాలా గంభీరంగా, "ఇంతకీ ఆ పాత పళ్ళెక్కడ పెట్టావు?" అని అడిగాడు. అత్తయ్య పకపకా నవ్వేసింది. చెయ్యి పైకి లేవలేదు. రేకు డబ్బాలో గుండీలు పోసి కదిపినట్టుంది ఆ నవ్వు. వీధిలో పోతున్న వాళ్ళు ఆగి లోపలికి చూశారు. ఆ మనిషిలో అంత చప్పుడు ఉందని మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత షాపుకి బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ఊరికే ఏదో ఒకటి చెప్పి ఆమెను నవ్వించి వెళ్ళేవారు.

నెల తిరక్కుండానే తీగ ఊడింది. "ఏం కొరికారు?" అన్నాడు డాక్టరు. "ఏమీ లేదండీ, అన్నీ మెత్తగానే తింటున్నాను" అంది అత్తయ్య. ఆయన చిన్న పట్టకారుతో తీగ చివర చిక్కుకున్న నీలిరంగు పోగు ఒకటి బయటికి లాగి, ఆమె కళ్ళముందు పెట్టాడు.

"మరి ఇదేంటమ్మా?"

"అదా... అది పిల్లల యూనిఫారం దారం."

చిన్నప్పటి నుంచీ ఆమెకున్న అలవాటది. కుట్టు పూర్తికాగానే బట్టను నోటిదగ్గరికి ఎత్తి, దారం పుటుక్కున కొరికేసేది. కత్తెర ఎదురుగానే ఉంటుంది. కానీ చెయ్యి దాని దగ్గరికి పోయేలోపే నోరు పని ముగించేస్తుంది. మళ్ళీ అతికించాడు, మళ్ళీ ఊడింది. డాక్టరు విసిగిపోయి ప్లేటు చేసిచ్చాడు. దాన్ని పెట్టుకుంటే ఆమెకు "స" సరిగ్గా పలకదు. అందుకని ఎవరైనా రాగానే తీసి ఎక్కడో అక్కడ పెట్టేది. ఒక రోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. కుట్టు షాపులో తప్ప ఇంకెక్కడా జరగని ఘోరం జరిగిపోయింది. ప్లేటు వేడికి మెలి తిరిగి, ఏ నోటికీ పట్టని ఆకారంలోకి వచ్చింది.

కొత్తది వచ్చేలోపు ఒక పన్ను కొంచెం పక్కకు తిరిగింది. మాకు కనబడనే లేదు, ఆమెకు మాత్రం అద్దంలో అదే కనబడేది. చెయ్యి మళ్ళీ నోటికి అడ్డం వచ్చింది. సూదులు మళ్ళీ పెదాల మధ్యకు చేరాయి. షాపు ఎంత బోసిపోయిందో చెప్పలేను. నాకైతే ఏడుపొచ్చేది. ఆ నవ్వు మాకు ఎరువిచ్చి మళ్ళీ లాక్కున్నట్టు అనిపించింది.

మామయ్య ఈసారి డాక్టరు దగ్గరికి తానే వెంట వెళ్ళాడు. "ఆ పన్ను సరిచేసి తీగే అతికించండి, ఊడదు" అన్నాడట. ఎలా ఊడదో చెప్పలేదు.

తీగ అతికించిన మర్నాడు అత్తయ్య ఒక కుట్టు పూర్తిచేసి, బట్ట ఎత్తింది. అది నోటిదాకా వెళ్ళకముందే ఎడమవైపు నుంచి మామయ్య చెయ్యి వచ్చింది. చిన్న కత్తెర, టక్. దారం తెగింది. ఆయన తల కూడా తిప్పలేదు, రెండో చెయ్యి తన మిషను మీదే ఉంది. ఆమె మిషను ఆగిన చప్పుడు వింటే చాలు, ఆ చెయ్యి వచ్చేసేది. కొన్నాళ్ళకు అత్తయ్య బట్టను నోటివైపు ఎత్తడం మానేసి, ఎడమవైపు ఎత్తడం నేర్చుకుంది. ఆయన లైనింగు గుడ్డ కొనడానికో, గుండీలు తేవడానికో బయటికెళితే, కుట్టినవన్నీ దారాల తోకలతో అలాగే పక్కన పెట్టేది. ఆయన వచ్చి, చెప్పులు విప్పి, ముందు ఆ తోకలన్నీ కత్తిరించేవాడు. ఇద్దరికీ మాటల్లేకుండా పోయిన రోజుల్లో కూడా మిషను ఆగేది, చెయ్యి వచ్చేది. అత్తయ్య మూతి ముడుచుకునే బట్ట ఎత్తేది.

నవ్వు మళ్ళీ వచ్చింది, ఈసారి నిలిచింది కూడా. నా ప్లేటు సంగతి అడగొద్దు. కాలేజీకి వెళ్ళిన మొదటి ఏడే ఎక్కడో పారేసుకున్నాను, నా పళ్ళు వాటి పాత ఇంటికి చక్కగా వెళ్ళిపోయాయి. అత్తయ్యది మాత్రం చెక్కుచెదరలేదు. నా పెళ్ళిలో, నా కూతురు పుట్టినప్పుడు, జుట్టు నెరిశాక, ఏ ఫొటోలో చూసినా ఆమె నోరంతా తెరిచి నవ్వుతూనే ఉంటుంది. పక్కన మామయ్య నోరు మూసుకుని ఉంటాడు.

పోయినేడు మామయ్య పోయాడు. చాలా రోజులు మూసి ఉంచిన షాపును అత్తయ్య మళ్ళీ తెరిచిందని తెలిసి వెళ్ళాను. ఆయన మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె ఎవరిదో జాకెట్టు కుడుతోంది. నాతో ఏదో మాట్లాడుతూనే కుట్టు పూర్తిచేసి, మిషను ఆపి, బట్టను ఎడమవైపు ఎత్తింది. కాసేపు అలాగే ఎత్తి పట్టుకుంది. తర్వాత నోటి దగ్గరికి తెచ్చుకుని కొరికింది. నేను చూడనట్టు కూర్చున్నాను. లేచి ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది, కానీ ఆమె అప్పటికే జాకెట్టు రెండో చెయ్యి కుట్టడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలకు ఫోన్ చేసింది. తీగ ఒకవైపు ఊడి, నాలుకకు గుచ్చుకుంటోందట. ఇప్పుడు తీసుకెళ్ళడం నా వంతు. డాక్టరు ముసలివాడయ్యాడు, మమ్మల్ని చూసి సంతోషించాడు. తీగ మొత్తం తీసేసి, పళ్ళన్నీ చూశాడు.

"వరస బాగానే ఉందమ్మా, ఏమీ కదల్లేదు. మళ్ళీ తీగే అతికించేస్తాను. ప్లేటు మీకు అచ్చిరాలేదు, ఇస్త్రీపెట్టె కథ నాకింకా గుర్తుంది. తీగైతే ఇన్నేళ్ళు ఆగింది కదా!"

"ప్లేటే చేయండి డాక్టరు గారూ" అంది అత్తయ్య. "ఇస్త్రీ బల్ల దరిదాపులకు తీసుకెళ్ళనులెండి."

"ఎందుకమ్మా? తీగ మీకు బాగా కుదిరింది."

"అది ఆగింది నా జాగ్రత్త వల్ల కాదండీ. పక్కన కత్తెర పట్టుకుని మా ఆయన ఉండేవారు. ఇప్పుడు దారం నేనే కొరుక్కోవాలి."