ట్యాబ్‌లు లేని కోత

సింగన్న ముప్ఫై ఏళ్లకు పైగా ఉలి పట్టిన మనిషి. కోటవురట్లలో తండ్రి దగ్గర గుమ్మాలు చెక్కడం నేర్చాడు. చేతిపని అడిగేవాళ్లు కరువయ్యాక నర్సీపట్నంలో ధర్మతేజ పెట్టిన సిఎన్‌సి షాపులో చేరాడు. కంప్యూటర్లో గీసిన బొమ్మని అక్కడి మిషను గిర్రున తిరిగే బిట్టుతో ప్లైవుడ్ మీద కోసేస్తుంది. యాభై ఏళ్ల వయసులో మౌసు పట్టుకోవడం నేర్చాడని ధర్మతేజ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు.

ముక్కని చుట్టూ పూర్తిగా కోసేస్తే అది ఊడిపోయి, బిట్టుకి తగిలి ఎగిరిపోతుంది. అందుకని నాలుగు చోట్ల గోరంత చెక్క కోయకుండా వదలాలి. వాటినే ట్యాబ్‌లంటారు. కోత అయ్యాక ఉలితో తెంపాలి. సింగన్న తెంపితే ట్యాబ్ ఎక్కడుండేదో వెతికినా దొరికేది కాదు.

నిరుడు అతని చెయ్యి వణకడం మొదలైంది. ఉలి జారేది, అంచులు పెచ్చులూడేవి. ముక్కలు నునుపు చేసే సింహాద్రమ్మ ఎవరికీ చెప్పకుండా పుట్టీ పెట్టి సర్దేసేది.

"సెయ్యి డాట్రుకి సూపించుకో అన్నా," అంది ఓసారి.

"ఏటీ లేదమ్మా. సలికి," అన్నాడు. బయట ఎండ మాడ్చేస్తోంది.

ఆ వారమే ఒక పూజగది తలుపులకి అరవై పువ్వులు కోసే పని వచ్చింది. పువ్వుకి నాలుగు చొప్పున రెండు వందల నలభై ట్యాబ్‌లు. అన్నీ సింగన్న ఆ చేత్తోనే తెంపాలి. పలకని నాలుగు మూలలా స్క్రూలతో బిగించానుగా, ఏం కాదులే అనుకుని, కంప్యూటర్లో బొమ్మ ఉన్న ఫైల్లోంచి ట్యాబ్‌లు తీసేశాడు.

సగం పువ్వులు కోశాక ఒకటి ఊడింది. బిట్టు దాన్ని విసిరికొట్టింది. అటువైపు పొట్టు ఊడుస్తున్న సింహాద్రమ్మ మొహం పట్టుకుని కూలబడిపోయింది. విశాఖ తీసుకెళ్లినా ఎడమ కన్ను దక్కలేదు.

"దిక్కుమాలిన ప్లై. పొర ఊడిపోయింది," అన్నాడు ధర్మతేజ. అందరూ ఆసుపత్రి హడావుడిలో ఉండగా సింగన్న ఫైల్లో ట్యాబ్‌లు మళ్లీ పెట్టేశాడు.

నెల్లాళ్లు అన్నం సయించలేదు. చివరికి ఓ ఆదివారం నాతవరంలో ఆమె ఇంటికి వెళ్లాడు. సింహాద్రమ్మ గుమ్మంలో కూర్చుని, చేట మొహానికి దగ్గరగా పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ప్లై తప్పు కాదమ్మా. ట్యాబ్‌లు నేనే తీసేసినాను. ఉలి పట్టలేక."

ఆమె చేట కింద పెట్టింది.

"నాకు సెప్పుంటే ఆటిని నేనే తెంపీదాన్ని కదా," అంది.

సింగన్న అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆమె చేట మళ్లీ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

మర్నాడు ధర్మతేజకీ చెప్పేశాడు. ధర్మతేజ నోటికొచ్చినట్టు తిట్టి, ఇతన్ని ఉంచాలో పంపాలో నువ్వే చెప్పమని సింహాద్రమ్మకి ఫోన్ చేశాడు.

"ఉండనీయండి బాబూ. ఆ సేతుల్తో ఎక్కడికెల్తాడు," అందామె.

ఇప్పుడు మిషను దగ్గర వేరే మనిషి ఉన్నాడు. సింగన్న, సింహాద్రమ్మ ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని గరుకు కాగితంతో ముక్కలు రుద్దుతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె అతనితో ఒక్క మాటా ఆడదు.