వేళ కాని వేళ మోగిన సంగు

నాకప్పుడు పదేళ్ళు. కోయంబత్తూరులో మిల్లు వెనక లైనిళ్ళలో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా ఇద్దరూ మిల్లుకు పోతే నన్ను చూసుకునేది అవ్వ.

ఒక ఆదివారం పాస్టరయ్య తీర్పు దినం గురించి చెప్పారు. కడబూర మోగగానే ప్రభువు వస్తాడట, మనం దాచినవన్నీ ఆ రోజు బయటపడతాయట. నేను అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. నేను దాచింది ఒకటుంది. బడిలో గోడకు తగిలించిన దేశపటం నా చేతిలో చిరిగింది. ఎవరు చించారని టీచరు అడిగితే పక్కింటి పిల్లను చూపించాను. దానిదీ నా ఈడే. అరచేతులు కందేదాకా స్కేలు దెబ్బలు తిన్నది, ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం సంగు మోగింది. మిల్లు సైరన్‌ని మేము సంగు అనేవాళ్ళం. షిఫ్టు మారేటప్పుడు కాసేపు కూసి ఆగేది. ఆ రోజు వేళ కాని వేళ మొదలై ఆగనే లేదు. మీట ఇరుక్కుపోయిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది కడబూరే అనుకున్నాను.

అవ్వ గడపలో కూర్చుని మునగాకు దూస్తోంది.

"అవ్వా, ప్రభువు వచ్చేసినాడు!"

"వస్తే మంచిదే కదా కణ్ణు. ఏంటికి ఏడుస్తావు?"

పటం సంగతి చెప్పేశాను. అవ్వ చేతులు ఆగలేదు.

"నా కాడ నిలబడి ఏం చేస్తావు? ఆ పిల్ల కాడికి పో. సీక్రం పో."

వట్టి కాళ్ళతో పరుగెత్తాను. అది కొళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"పటం చించింది నేనే. నీ మీద చెప్పినాను."

"తెలుసు. నువ్వు చించేది చూసినాను."

"మరి టీచరుకి ఏల చెప్పలేదు?"

"నువ్వు అప్పటికే వణకతా ఉన్నావు కదే."

సంగు ఆగింది. పక్కన కూర్చుని నేనూ ఒక గిన్నె తోమాను.

ఇంటికొచ్చాక అవ్వ అడిగింది, "టీచరుకి ఎవురు చెప్తారు?"

"ప్రభువు రాలేదు కదా అవ్వా."

"రాలేదని ఆ పిల్ల మీద నింద అట్లనే ఉండాల్నా? ఆయన వచ్చేది ఎప్పుడో నాకు తెలీదు. సోమవారం బడి ఉండేది తెలుసు."

సోమవారం నా చెయ్యి పట్టుకుని బడి వాకిలి దాకా వచ్చింది. లోపలికి మాత్రం రాలేదు.

టీచరు నా మాట విని స్కేలు బల్ల మీద పెట్టేసింది. ఆ పిల్లను పిలిచి, రెండు అరచేతులూ తన చేతుల్లోకి తీసుకుని, సరిగ్గా విచారించకుండా కొట్టాను, తప్పు నాదీ అని తమిళంలో అంది. నాకు దెబ్బలు పడలేదు. పడి ఉంటే బాగుండేదనిపించింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. తీర్పు మాట వింటే ఇప్పటికీ ఆ సంగు చెవుల్లో మోగుతుంది. ఎవరినైనా నొప్పించి ఊరుకున్నానా అని ఆలోచిస్తాను. గుర్తొస్తే, ప్రార్థన తర్వాత చేసుకోవచ్చని చెప్పులేసుకుని వాళ్ళింటికి బయలుదేరతాను.