పెద్దమ్మ తోమిన పదకొండు కాసులు

మా చిన్నప్పుడు... శ్రావణ శుక్రవారం, యానాంలో పెద్దమ్మ వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. అమ్మవారి ముందు పళ్ళెంలో పదకొండు బంగారు కాసులు. ఫ్రెంచి వాళ్ళ కాలం నాటివి. ఒకవైపు ఆడమనిషి తల, ఇంకోవైపు కోడిపుంజు. మేం పుంజు కాసులు అనేవాళ్ళం.

మొత్తం పన్నెండు... మా నాయనమ్మవి. పోతూ పోతూ పెద్దకోడలికి పదకొండు ఇచ్చి, చిన్నకోడలైన మా అమ్మ చేతిలో ఒక్కటి పెట్టింది. పెద్దమ్మ పుట్టింటివాళ్ళు కలిగినవాళ్ళు మరి. మా నాయనమ్మ న్యాయం అలా ఉండేది.

ఆ ఒక్క కాసునీ అమ్మ కుంకుమ భరిణెలో దాచుకునేది. ఏళ్ళ తరబడి అందులో ఉండి ఎర్రగా, మసగ్గా అయిపోయింది. ఆ రోజు పదకొండింటి పక్కన దాన్నీ పెట్టబోతే, పెద్దమ్మ రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఇదేంటే రవణా, ఇత్తడి బిళ్ళా? అమ్మోరి ముందు పెట్టేదేనా ఇది?" అని తీసి తమలపాకుల పక్కన నేల మీద పడేసింది.

పేరంటాళ్ళందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది... ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

అప్పుడు నాకు పదేళ్ళు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే కాసు తీసుకెళ్ళి నూతి దగ్గర కూర్చున్నా. ఇత్తడి బిందెలు తోమే పని ఇంట్లో నాదే. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు... నాకు తెలిసిన విద్య అదొక్కటే. చేతులు నొప్పెట్టేదాకా తోమా. తళతళలాడిపోయింది! ఇప్పుడనమనండి ఇత్తడి బిళ్ళ అని... అనుకుంటూ పరిగెత్తుకెళ్ళి అమ్మకి చూపించా.

అమ్మ కొట్టలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలా నిలబడిపోయింది.

యానాం పక్కనే ఉన్న కనకాలపేటలో ఒక తాతగారు ఉండేవారు. ఫ్రెంచి ఆఫీసులో గుమాస్తాగా చేసి పింఛను తీసుకునేవారు. ఆయనకి పాత నాణేల పిచ్చి. ఆయన స్నేహితుడొకాయన ఏటా చలికాలంలో పాండిచ్చేరి నుంచి వచ్చి, బాగున్న పాత కాసులకి బంగారం ధర మీద బాగా ఎక్కువిచ్చి కొనేవాడు. ఆ డబ్బుతో కుట్టుమిషను కొనుక్కోవాలని అమ్మ ఆశ. పెద్దమ్మ ఇంటిల్లిపాది జాకెట్లూ చేత్తో కుట్టి కుట్టి అమ్మ వేలి కొసలన్నీ సూదిపోట్లే. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రమే అమ్మ నన్నూ, కాసునీ వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. తాతగారు భూతద్దం నా చేతికిచ్చారు.

"కాసుని అంచు పట్టుకుని చూడాలమ్మా, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. ముందు ఎత్తుగా ఉన్న చోట్లు చూడు... ఆవిడ బుగ్గ, పుంజు రెక్క. అరుగుదల అక్కడే మొదలవుద్ది. ఏవీ, నీ పుంజుకి ఈకలేవీ? అన్నీ గీతలే. ఆ ఎరుపు అలా వదిలేస్తే ఏం పోయేది? మరీ మురికనిపిస్తే కుంకుడు నీళ్ళలో ముంచి, మెత్తటి పాతపంచె మీద అద్దాలి. అద్దాలంతే, రుద్దకూడదు."

"ఇప్పుడు దీనికేమొస్తుంది బాబాయిగారూ?" అంది అమ్మ.

"తూకానికి బంగారం ధరేనమ్మా."

ఇంటికొస్తూ అమ్మ కాసుని కొంగున ముడేసుకుంది. తోమింది నేనే... కానీ నా చేత తోమించింది పెద్దమ్మ నోరు. ఆ మాట మనసులో పెట్టేసుకున్నా.

దసరాకి పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. దేవుడి దగ్గర మా కాసు చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఏమే పిల్లా, ఇదెలా మెరిసిపోతందే! నావి దీని ముందు వెలవెలబోతాయి. ఏం చేశారు?"

వంటింట్లో అమ్మ పిండి రుబ్బుతోంది. పొత్రం చప్పుడు ఆగింది.

"నేనే తోమాను పెద్దమ్మా. చింతపండూ, ఇటుకపొడీ... గట్టిగా తోమాలి."

ఒక్క అబద్ధం చెప్పలేదు. తాతగారు చెప్పింది మాత్రం చెప్పలేదు.

కాసేపటికి పొత్రం మళ్ళీ తిరిగింది. అమ్మ బయటికి రాలేదు.

మా పెద్దమ్మ పుట్టి బుద్ధెరిగి ఒక్క గిన్నె తోమలేదు. తోమే అలవాటున్న పెద్దవాళ్ళకైతే తెలిసేది, బంగారాన్ని ఇటుకపొడితో తోమరని. పనిమనిషిని నమ్మి బంగారం ఇవ్వదు కదా... తలుపులేసుకుని తనే పదకొండూ తోముకుంది. జన్మలో ఆవిడ తోమినవి అవే!

చలికాలం పాండిచ్చేరి ఆయన వచ్చాడు. తన కాసులు ఎంత గొప్పవో నలుగురికీ తెలియాలని పెద్దమ్మ ఆ పేరంటాళ్ళనే వెంటేసుకుని తాతగారింటికి వెళ్ళింది. నాకేం పని లేకపోయినా ముందే వెళ్ళి అరుగు మీద కూర్చున్నా.

ఆయన ఒక కాసు అంచు పట్టుకుని భూతద్దంలో చూశాడు. రెండోది చూశాడు. నాలుగోదానికి భూతద్దం కింద పెట్టేశాడు.

"ఎవరమ్మా వీటిని తోమింది? అన్నీ పాడు చేసేశారే! కంసాలి దగ్గర కరిగించుకోండి, నాకొద్దు."

పేరంటాళ్ళలో ఒకావిడ కిసుక్కుమంది. పెద్దమ్మ మొహం కందగడ్డయింది. నా వంక చూసింది. నేనూ చూశా... కళ్ళు దించలేదు.

ఆ పూట అమ్మ నా అన్నంలో రెండు గరిటెలు నెయ్యి వేసింది.

ఇప్పుడు షాపులో మిషన్లో పడేస్తే రెండు నిమిషాల్లో నగ శుభ్రమైపోతోంది. వ్రతానికి పిలిచినా, పసుపూ కుంకుమా తీసుకుని అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతున్నారు. ఒకరి కాసు ఒకరు పట్టి చూసే తీరికే లేదు.

మా అమ్మాయికి ఈ కథ చెబితే "పాపం కదమ్మా పెద్దమ్మమ్మ" అంది. పాపమేనేమో... నాకైతే ఇప్పటికీ జాలి కలగలేదు. కానీ అమ్మ పోయేదాకా చేత్తోనే కుట్టింది. ఈకల్లేని ఆ పుంజు ఇప్పుడు నా బీరువాలో ఉంది. పదకొండు పాడైనందుకు చల్లబడిన కడుపు, ఆ ఒక్కటీ చూస్తే మళ్ళీ రగులుతుంది.

మీ ఇళ్ళల్లో పాత కాసులుంటే దయచేసి తోమకండి. ఎవరికైనా తోమమని చెప్పాలనిపించేంత కసి మీకూ ఉండి ఉంటే మాత్రం... కింద రాయండి, చదువుతా.