ఎడంచేతి చాక్లెట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా ఎడమచేతికి చోటు లేదు. అన్నానికైనా, ముగ్గుకైనా, పలకకైనా ముందు ఆ చెయ్యే లేచేది. లేచిన ప్రతిసారీ మా అవ్వ దానిమీద ఒక్కటి వేసేది. ఆమె మనసు చెడ్డది కాదు. రేపు ఇంకో ఇంటికి పోవలసిన ఆడపిల్ల నవ్వులపాలవుతుందని ఆమె భయం. కోవిల్‌పట్టి పక్కన మా పల్లెలో పండగ పలహారమంటే మా అవ్వ చేతిదే అనేవారు. అలాంటి మనిషి వంటింట్లోకి నన్ను రానిచ్చేది కాదు. కుడిచేత్తో ఏది పట్టినా నేను జారవిడిచేదాన్ని మరి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చిన్నాయనకు పెళ్లయి చిన్నమ్మ కాపురానికి వచ్చింది. ఆమె ఊటీలో పెరిగింది. అక్కడ పక్కింటివాళ్లు ఇంట్లోనే చాక్లెట్ మిఠాయిలు చేస్తుంటే చూసి నేర్చుకుందట. ఆ మరుసటేడు దీపావళికి వారం ముందు చిన్నమ్మ వాళ్ల నాయన మమ్మల్ని చూడవస్తూ రెండు పెద్ద చాక్లెట్ దిమ్మెలు తెచ్చాడు. అవ్వ చేసే వేరుశనగ ఉండలను ఆ చాక్లెట్‌లో ముంచి ఊళ్లో పంచుదామనీ, ముంచే పని పిల్లలం ముగ్గురమే చేయాలనీ చిన్నమ్మ చెప్పింది. మా అన్న, చెల్లెలు గంతులేశారు. నేను మెల్లగా పెరట్లోకి జారుకున్నాను.

చిన్నమ్మ వెనకే వచ్చింది. "ఏమ్మా పాపా, నీకు వద్దా?"

"నాకు చేత కాదు చిన్నమ్మా. అంతా కింద వేస్తాను."

ఆమె ఒక పాత గిన్నెలో నల్లమట్టి వేసి, నీళ్లు పోసి, దోసెపిండిలా జారుగా కలిపింది. నాలుగు గులకరాళ్లు ఏరింది. ఒక ముళ్ల చెంచా నా చేతికిచ్చి, రాయిని ముంచి ఎత్తమంది. గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, చెంచా అడుగు అంచుకే తుడిచి, ఆకు మీదికి జార్చమంది. కుడిచేత్తో నాలుగుసార్లు ప్రయత్నించాను. నాలుగుసార్లూ రాయి బుడుంగున పడి నా పావడంతా బురదయింది.

"ఇది మన్నే కదా. మన్నుకు ఏ చెయ్యైనా ఒకటే. చెయ్యి మార్చి చూడు."

అవ్వ ఎక్కడుందోనని ఒకసారి అటూ ఇటూ చూసి చెంచా ఎడమచేతికి మార్చాను. రాయి లేచింది. తట్టాను, తుడిచాను. అది ఆకుమీద నున్నగా కూర్చుంది. చిన్నమ్మ చప్పట్లు కొట్టింది. నాలుగు సాయంత్రాలు మా ఇద్దరికీ అదే ఆట.

పండగ ముందురోజు, ఎండ ఎక్కితే చాక్లెట్ గట్టిపడదని, తెల్లారగానే కూర్చున్నాం. వేడినీళ్ల మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగిస్తూ చిన్నమ్మ అంది: "ఒక్క నీటిబొట్టు పడినా ముద్దగట్టి పోతాది. మళ్లీ కావాలంటే ఊటీకే పోవల్ల." మేం ముగ్గురం చేతులు ఇంకోసారి తుడుచుకున్నాం. అన్న ముంచినవాటి కింద చాక్లెట్ మడుగులు కట్టింది. చెల్లెలివాటి మీద వేలిముద్రలు పడ్డాయి. అవ్వ పొయ్యి దగ్గరే ఉందని నేను కుడిచేత్తో మొదలుపెట్టాను. నా మొదటి ఉండ గిన్నె అడుక్కి పోయింది. చిన్నమ్మ నా ఎడమచేతి వైపు చూసి తల ఊపింది.

మార్చాను. ఒకటి, రెండు, పది. పనిలో పడి అవ్వ సంగతే మరిచిపోయాను. తలెత్తేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"ఎవురు పెట్టమన్నారే పుర్రచెయ్యి? పండగ పలహారంలో!"

నా చెంచా గాల్లోనే ఆగిపోయింది. చిన్నమ్మ లేచి నిలబడింది. అత్తకు అంతవరకూ ఆమె ఎదురు మాట చెప్పి ఎరగదు. "నేనే పెట్టమన్నాను అత్తా," అంది. గొంతు వణుకుతోంది. "ముందు చూడండి. బాగలేకుంటే నన్ను తిట్టండి." అన్న ముంచి పెట్టిన తట్టనూ నా తట్టనూ అవ్వ ముందుకు జరిపింది.

అవ్వ గొంతుక్కూర్చుంది. అన్న ముంచిన ఉండ తీసి, తిప్పి చూసి, పెట్టేసింది. నాది తీసింది. కిటికీ వెలుగులో పట్టి అడుగు చూసింది, పక్కలు చూసింది. నలభై ఏళ్లు పలహారాలు చేసిన కళ్లు అవి. మంచి పనిని చూసి కాదనడం వాటికి రాదు. ఉండను నోట్లో వేసుకుంది. పైపెంకు పటుక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. తర్వాత ఆమె ఇంకొకటి తీసుకుంది.

"అడుగు కూడా నున్నంగా ఉండాదే," అంది చివరికి. "మిగిలినవి ఈ పాపే ముంచనీ. మీరిద్దరూ లెయ్యండి."

ఆ పొద్దున మిగిలిన ఉండలన్నీ నేనే ముంచాను. చల్లగా ఉంటుందని నీళ్లకడవ కింది తడి ఇసుక మీద తట్టలు పెట్టి ఆరబెట్టాం. మర్నాడు అవ్వ నా చేత ఇంటింటికీ పంచిపెట్టించింది. ఎవరూ అడగకముందే, "మా మనవరాలు చేసింది, ఎడంచేత్తో," అని ప్రతి గడపలోనూ ఆమే చెప్పింది. కొత్త పావడ కట్టుకుని, ఊరేగింపులో దేవతలా నేను ముందు నడిచాను.

అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాలని ఆ తర్వాత కూడా అవ్వ పట్టుబట్టేది. బళ్లో బెత్తం దెబ్బలూ తప్పలేదు. కానీ 'నాకు చేత కాదు' అనే మాట మళ్లీ నా నోట రాలేదు. ఇప్పుడు విరుదునగర్‌లో మనవళ్లు, మనవరాళ్ల మధ్య ఉన్నాను. వాళ్లలో ఎవరైనా వెనకడుగు వేస్తే, చెడిపోయినా నష్టం లేని చోట ముందు చేయనిస్తాను. నలుగురి ముందు వాళ్ల తరఫున మాట్లాడవలసి వస్తే, గొంతు వణికినా లేచి నిలబడతాను.